అరవై ఎనిమిది దగ్గర ఆగిన కాటా

"ముందు ఈ కాయ బరువెంతో చెప్పండి. టీ తర్వాత తాగుదురు గానీ!"

గుమ్మడికాయను దబ్బుమని బల్ల మీద దింపి, ఆయాసంగా కుర్చీలో కూలబడింది ఆవిడ. మోకాళ్ళు రెండూ పట్టుకుని "అమ్మా" అనుకుంది గానీ, కోపం ముందు ఆ నొప్పి ఏపాటి!

కాటా మేస్త్రి చేతిలో టీ గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఊళ్ళో ఏ కొట్టు కాటా మొరాయించినా నలభై ఏళ్ళపాటు బాగుచేసి, సరిచూసి ఇచ్చిన చేయి అది. పని మానేసి రెండేళ్ళయినా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకడని వీధిలో నవ్వుకుంటారు.

"నిన్న సాయంత్రం నువ్వే తూచావుగా" అన్నాడు నెమ్మదిగా.

"తూచాను. మన కాటా మీదే తూచాను. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాను. తొమ్మిదీ ఆరువందలు. ఇప్పుడు ఆ కూరల కొట్టాయన ఎంతన్నాడో తెలుసా? తొమ్మిది! అటూ ఇటూ లేకుండా తొమ్మిది. తక్కిన ఆరువందల గ్రాములూ దారిలో నేనేమైనా కొరుక్కుతిన్నానా?"

మేస్త్రి గ్లాసు కింద పెట్టేశాడు.

ఆ వీధిలో మేడ మీద కుండీల్లో కూరలు పండించే ఇళ్ళు ఏడెనిమిది ఉన్నాయి. ఎవరి పాదుకు పెద్ద గుమ్మడికాయ కాసినా కూరల కొట్టులో తూచి, బరువు అక్కడి నల్లబల్ల మీద సుద్దతో రాయించుకోవడం వాళ్ళకో సరదా. పోయినేడు పక్కింటి టీచరమ్మ కాయ తొమ్మిదీ రెండువందలు తూగింది. ఏడాది పొడుగునా ఆ అంకె నల్లబల్ల మీద కూర్చుని ఈవిడ వంక చూస్తూనే ఉంది.

"టీచరమ్మ అక్కడే ఉంది. 'పోన్లెండి, వచ్చే ఏడు ప్రయత్నిద్దురు గానీ' అంది నవ్వుతూ. ఒళ్ళు మండిపోయింది నాకు!"

"అయితే నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? కొట్టాయన్ని పట్టుకుని, నీది దొంగ కాటా అన్నాను."

"అంత మాటన్నావా!"

"అన్నాను. పదిమందిలో అన్నాను. మా ఆయన చేతి కాటా అబద్ధమాడదు, అలాంటి మనిషితో నలభై ఏళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా అన్నాను. కొట్టాయన మొహం కందగడ్డయింది. పది గంటలకి కాటా ఎత్తుకుని మీ ఇంటికే వస్తా, మేస్త్రిగారి రాళ్ళు పెట్టే తేల్చుకుందాం అన్నాడు. రారా నాయనా అన్నాను."

గోడ గడియారంలో తొమ్మిదింబావు అయింది.

కొట్టాయన కాటా సరైనదే. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

వరండాలో ఉన్న ఆ కాటా ఆయన పనిశాల నుంచి తెచ్చుకున్నది. పలక మీద మనిషి ఎక్కాక, గీతలు చెక్కిన ఇత్తడి కమ్మి మీద ఇనప గుండును జరుపుకుంటూ పోవాలి. కమ్మి ఎక్కడ తూగి నిలిస్తే అక్కడున్న అంకే బరువు. ఆ గుండు కడుపులో చిన్న బిరడా, బిరడా వెనక సీసం ఉంటాయి. సీసం కాస్త గోకి తీసేస్తే గుండు తేలికైపోయి ఇంకొంచెం ముందుకు జరిగితే గానీ కమ్మి నిలవదు. అంటే ఉన్న బరువు కన్నా ఎక్కువ చూపిస్తుంది. దొంగ కొట్లన్నీ చేసే పని ఇదే. ఎన్ని కొట్లలో ఆయన ఆ బిరడా విప్పి చూపించి యజమానుల చెంపలు వాయించినంత పని చేశాడో లెక్కలేదు.

తన ఇంట్లో ఆ బిరడా తానే విప్పాడు. ఒకసారి కాదు, ఐదుసార్లు.

మూడు నెలల కిందట మొదలైందది. ఆదివారం పొద్దున్నే టీ తాగి మొగుడూ పెళ్ళాం కాటా ఎక్కడం, ఇద్దరి బరువులూ ఆవిడ క్యాలెండరు మీద రాయడం ఆ ఇంటి అలవాటు. ఆయనది ఏళ్ళ తరబడి అరవై ఎనిమిదే. ఉన్నట్టుండి ఒక ఆదివారం, ఆవిడ లేవకముందే ఎక్కి చూసుకుంటే అరవై ఏడయింది. మళ్ళీ వారం అరవై ఆరున్నర. ఆకలి మామూలే, నిద్రా మామూలే. బరువొక్కటే చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోతోంది.

ఆయన అన్నగారు కూడా ఇదే కాటా ఎక్కేవాడు. డెబ్భై, తర్వాత అరవై ఆరు, ఆ తర్వాత అరవై రెండు. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిన మనిషి నడిచి తిరిగి రాలేదు. ఆస్పత్రి గుమ్మం తొక్కకపోతే జబ్బే లేదన్న పిచ్చి లెక్క ఒకటి అప్పటి నుంచీ మేస్త్రి బుర్రలో పాతుకుపోయింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ డాక్టరు, 'ఐదు కిలోలు తగ్గండమ్మా, మీ మోకాళ్ళు సగం వాటంతటవే బాగుపడతాయి' అన్నాడు. ఆవిడకి మోకాళ్ళంటే మేడ మెట్లు, మెట్లంటే తోట. తన సంగతి తెలిస్తే ఈ పిచ్చిది తోటా మోకాళ్ళూ గాలికొదిలేసి తన మంచం పక్కన కూర్చుంటుందని ఆయన భయం. గుమ్మడికాయ కోసిన రోజు చెబుదాంలే అనుకున్నాడు. అంతవరకూ తన అంకె అరవై ఎనిమిది దగ్గర ఆగేలా, సీసం గోకుతూ వచ్చాడు.

కానీ కాటాకి మొగుడని, పెళ్ళామని తేడా ఏముంటుంది? ఆయన బరువుతో పాటు ఆవిడదీ డెబ్భై నాలుగు దగ్గర ఆగిపోయింది.

పాపం ఆవిడ చక్కెర మానేసింది. వీధి చివరిదాకా పొద్దునా సాయంత్రం నడిచింది. బచ్చలీ పాలకూరా కోసుకొచ్చి ఉప్పు లేకుండా ఉడకబెట్టుకుని, మొహం వికారంగా పెట్టుకుని మింగింది. ఆదివారం కాటా ఎక్కితే డెబ్భై నాలుగే. "నాది గాలి పీల్చినా లావెక్కే ఒళ్ళండీ" అని నవ్వేది. ఆ నవ్వుకి మేస్త్రికి అన్నం సహించేది కాదు. రెండు వారాల కిందట, నీళ్ళ డబ్బాతో మేడ మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. "ఏం తిన్నావే పొద్దున?" అంటే, "ఏమీ తినలేదు, తిన్నదంతా ఒంటికే పడుతోంది కదా" అంది. ఆయన పంచదార నీళ్ళు తాగించాడు, అరికాళ్ళు రుద్దాడు. నోరు మాత్రం విప్పలేకపోయాడు.

ఆ గుమ్మడికాయ నిన్న కోశారు. ఇవాళ ఆదివారం కదా, కాటా ఎక్కేటప్పుడు చెబుదాంలే అని మళ్ళీ వాయిదా వేశాడు.

"బావా, ఇదిగో నీ ప్యాంటు!"

కింద వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న మరదలు, ప్యాంటు భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చింది. పదేళ్ళ పిల్లగా అక్క వెంట ఈ ఇంటికొచ్చిన మనిషి. ఇప్పుడు జుట్టు నెరిసినా బావతో వేళాకోళం నెరవలేదు.

"ఏంటక్కా, వీధంతా ఒకటే గోల? కొట్టాయన్ని కడిగిపారేశావట?"

"కడగనా మరి! కాటాలో దొంగతనం చేసేవాడికి సిగ్గుండాలి. ఇంట్లో పెళ్ళాం పిల్లల మొహం ఎలా చూస్తాడో!"

మేస్త్రి చటుక్కున లేచి, మళ్ళీ కూర్చుని, లేని దుమ్ము చొక్కా మీంచి దులుపుకున్నాడు.

మరదలు ఆయన్నే చూస్తోంది. "ఏంటి బావా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నావ్?"

"నోర్ముయ్యి. ఊరికే వాగకు."

ఆవిడ నవ్వేసి, "వాడొచ్చేలోగా చిక్కుడు పాదుకి సబ్బునీళ్ళు చల్లొస్తాను. పేనుబంక కొసలన్నీ పీల్చేస్తోంది" అని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ మేడెక్కింది.

అక్క పాదాల చప్పుడు పైకి వెళ్ళిపోయేదాకా ఆగి, మరదలు గొంతు తగ్గించింది.

"నడుం కుట్టడం ఇది నాలుగోసారి. మొదటిసారి ప్యాంటు సాగిందన్నావు. రెండోసారి బెల్టు తెగిందన్నావు. మూడోసారి అక్కకి చెప్పకు, నీకు కొత్త కత్తెర కొనిపెడతానన్నావు."

"కొనలేదా?"

"కత్తెర కొంటే గుడ్డ కత్తిరిస్తాను బావా, నాలిక కత్తిరించుకోను. ముప్ఫై ఆరు నడుం ముప్ఫై రెండయింది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"చెబుతానే తల్లీ."

"ఎప్పుడు? ఇవాళా?"

ఆయన గడియారం వంక చూశాడు. మరదలు ప్యాంటు కుర్చీ మీద వేసి, "కిందే ఉంటాను" అని వెళ్ళిపోయింది.

పదికింకా ఇరవై నిమిషాలుంది. మేస్త్రి వరండాలోకి నడిచాడు. కాటా పక్క అలమరాలో మాత్రల డబ్బా ఒకటుంది. మూత తీశాడు. గోకిన సీసమంతా చిన్న చిన్న తునకలుగా అందులోనే ఉంది, ఒక్క పలుకు కూడా పారేయలేదు. బిరడా విప్పి అంతా లోపలికి కూరితే ఐదు నిమిషాల పని. కాటా నిజం చెబుతుంది. కొట్టాయనా వచ్చి తొమ్మిదే అని చూసుకుని వెళ్ళిపోతాడు. ఎవరికీ ఏమీ తెలియదు.

స్క్రూడ్రైవరు బిరడాకి ఆనించాడు.

"ఏవండీ!" మేడ మీంచి పిలిచింది ఆవిడ.

"ఆఁ."

"నేనేమైనా తప్పు చూశానంటారా?"

ఆయన చేయి ఆగిపోయింది.

"పాదు పక్కన నిలబడి ఆలోచిస్తుంటే అదే అనిపిస్తోందండీ. కళ్ళు మసకేశాయేమో, తొమ్మిదిని తొమ్మిదీ ఆరువందలని చదివేశానేమో. వయసు మీద పడుతోంది కదా. అదే నిజమైతే కొట్టాయనకి అందరిముందూ రెండు చేతులూ జోడించి తప్పయిందంటాను. మీకు తలవంపులు తెచ్చిన పాపానికి మీకూ చెబుతాను."

మేస్త్రి స్క్రూడ్రైవరు దించాడు. ఇప్పుడీ సీసం లోపల పెడితే, ఈ అమాయకురాలు ఇక తన కళ్ళనే నమ్మదు. చేయని తప్పుకి వీధిలో తలదించుకుంటుంది. మెట్ల మీద కళ్ళు తిరిగినప్పుడు నోరు విప్పని పాపం చాలదా?

మాత్రల డబ్బా చొక్కా జేబులో వేసుకున్నాడు. బిరడా జోలికి పోలేదు.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి. జాగ్రత్తగా దిగు" అన్నాడు పైకి చూసి.

పది కొట్టేసరికి కూరల కొట్టాయన వచ్చాడు. బల్ల కాటాను పసిపిల్లాడిలా రెండు చేతులతో పొదువుకుని మరీ తెచ్చాడు. మొహంలో కోపం తగ్గి, దాని చోట బాధ మిగిలింది.

"మేస్త్రిగారూ, ఇరవై ఏళ్ళ కిందట కొట్టు పెట్టిన కొత్తలో నేనొక వెధవ పని చేయబోయాను. గుండులో సీసం కాస్త తగ్గించి పెట్టండి, మీ చేతి ఖర్చు చూసుకుంటానన్నాను. గుర్తుందా?"

"వదిలెయ్యవయ్యా ఇప్పుడెందుకు."

"ఎలా వదిలేస్తాను? ఆ రోజు మీరు తిట్టలేదు, కొట్టలేదు. ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఆ ఏడాదిలో నాకు బుద్ధొచ్చింది. అప్పటి నుంచీ ఒక్క గ్రాము తేడా రానిచ్చిన వాణ్ణి కాదు. అలాంటి నన్ను పట్టుకుని అక్కయ్యగారు..."

ఆవిడ బింకంగానే నిలబడింది గానీ కళ్ళు మాత్రం నేల చూపులు చూస్తున్నాయి. "సరే, రాళ్ళు తియ్యండి" అంది.

మేస్త్రి చెక్కపెట్టె తెచ్చి, మూత గోడవైపు తిరిగి ఉండేలా చూసుకుని తెరిచాడు. లోపల మఖ్మలు గుంటల్లో ఇత్తడి రాళ్ళు, ఇన్నేళ్ళయినా పచ్చగా మెరుస్తూ ఉన్నాయి. ఐదేసి కిలోల రాళ్ళు రెండు తీసి కొట్టాయన కాటా మీద పెట్టాడు. ముల్లు సరిగ్గా పది దగ్గర నిలబడింది.

"చూశారా అక్కయ్యగారూ!"

"చూశాను. ఇప్పుడు మాది చూడు" అని, మేస్త్రి వారించేలోపే ఆవిడ రెండు రాళ్ళూ ఎత్తి వరండా కాటా పలక మీద పెట్టింది. గుండును పది దగ్గరికి జరిపింది. కమ్మి నిలవలేదు. ఇంకాస్త జరిపింది. ఇంకాస్త. పదీ ఏడువందల దగ్గర కమ్మి తూగి నిలిచింది.

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏవండీ, మన రాళ్ళు అరిగిపోయాయా ఏంటి?"

నలభై ఏళ్ళు నమ్మిన కొలతల రాళ్ళను అనుమానించింది గానీ, మొగుణ్ణి అనుమానించలేదు మహాతల్లి. మేస్త్రి ఇక తట్టుకోలేకపోయాడు.

"రాళ్ళు బాగానే ఉన్నాయి. ఆయన కాటా బాగానే ఉంది. నీ కళ్ళూ బాగానే ఉన్నాయి." జేబులోంచి మాత్రల డబ్బా తీసి పలక మీద పెట్టాడు. "దొంగ కాటా నాది. సీసం నేనే తీశాను."

కొట్టాయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "కంచే చేను మేసిందా మేస్త్రిగారూ! ఇంట్లో ఎవర్ని మోసం చేద్దామని?"

కొట్టాయన బతకనేర్చిన మనిషి. ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, తన కాటా చంకన పెట్టుకున్నాడు. "సాయంత్రం పాలకూర విత్తనాలు పంపిస్తాను అక్కయ్యగారూ" అని గుమ్మం దాటాడు.

"తమ్ముడూ" అంది ఆవిడ వెనక నుంచి. "నన్ను క్షమించు. నల్లబల్ల మీద తొమ్మిదనే రాయి. సాయంత్రం నేనే వచ్చి టీచరమ్మ ముందు కూడా చెబుతాను."

"అయ్యో, అంత మాటెందుకక్కయ్యా" అంటూనే వెళ్ళిపోయాడు.

ఆవిడ కాటానూ డబ్బానూ మార్చి మార్చి చూసింది. మరదలు నాలుగోసారి కుట్టి తెచ్చిన ప్యాంటు కుర్చీ మీంచి వేలాడుతోంది. దాన్నీ చూసింది. వెళ్ళి నడుం దగ్గర పట్టుకుని, కుట్టు పక్కన మడిచిన గుడ్డ వేలితో తడిమింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలు."

"ఎంత తగ్గారు?"

"పోయిన ఆదివారానికి నాలుగున్నర."

"అది... మా చెల్లికి తెలుసా?"

"నడుం ఒక్కటే తెలుసు. నేనే ఒట్టు వేయించుకున్నాను."

ఆవిడ ఉన్నట్టుండి ఏదో తట్టినట్టు తలెత్తింది.

"అయితే నా డెబ్భై నాలుగు?"

ఆయన తల దించుకున్నాడు.

"అడుగుతుంటే మిమ్మల్నే! నా డెబ్భై నాలుగు సంగతేంటి? నేను చక్కెర మానేస్తే, నేను పస్తులుంటే, మెట్ల మీద కూలబడితే... అప్పుడు కూడా నోరు రాలేదా మీకు? అరికాళ్ళు రుద్దారు కదా, రుద్దుతూ ఏమనుకున్నారు?"

"నా అంత నీచుడు లేడనుకున్నాను."

"అనుకుంటే సరిపోతుందా! పైకి అనొద్దూ!"

"భయమేసిందే. అన్నయ్య..."

"అన్నయ్య పేరెత్తకండి. మీకు భయమేస్తే నాకు చెప్పాలి. నలభై ఏళ్ళు పక్కన పడుకున్నది దేనికి, గోడకున్న బల్లిని చూసి మీరు కెవ్వుమంటే నేను లేచి తరమలేదూ? జబ్బుకి భయపడితే తరమననుకున్నారా?"

బల్లి మాటకి ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు మొహం తిప్పుకుని, "ఆ సీసం లోపల పెట్టండి" అంది. "నా ఎదురుగా పెట్టండి. ఒక్క పలుకు మిగిలినా ఊరుకోను."

ఆయన బిరడా విప్పి, తునకలన్నీ కూరి, బిగించాడు. ఆవిడే గుండు పట్టుకుంది. రాళ్ళు పెట్టి చూశారు. సరిగ్గా పది.

ముందు ఆవిడ ఎక్కింది. అలవాటుగా గుండును డెబ్భై నాలుగు దగ్గర పెట్టింది. కమ్మి కిందపడిపోయింది. వెనక్కి జరిపింది. డెబ్భై మూడు, డెబ్భై రెండు, డెబ్భై. అరవై తొమ్మిదిన్నర దగ్గర కమ్మి తూగి నిలబడింది.

"ఏవండీ, నాలుగున్నర! నేను నాలుగున్నర కిలోలు తగ్గానండీ!"

అంత కోపంలోనూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మరుక్షణం, ఆ నాలుగున్నరే తనకి ఎదురుగా నిలబడ్డ మనిషి ఒంట్లోంచి కూడా పోయిందని గుర్తొచ్చి, చేతులు కిందికి దించేసింది. పలక దిగి, రాళ్ళు పెట్టెలో సర్దడానికి వంగింది. మూత వేయబోయి ఆగిపోయింది.

మూత లోపలివైపు పెన్సిలుతో సన్నగా, పొందికగా రాసిన అంకెలున్నాయి. ఆదివారానికి ఒక వరస. ఎడమవైపు ఆయన నిజమైన బరువు, కుడివైపు ఆవిడది. కొలతల మనిషి కదా, కాటాకి అబద్ధం నేర్పాడు గానీ పెన్సిలుకి నేర్పలేకపోయాడు. డెబ్భై నాలుగు, డెబ్భై మూడున్నర, డెబ్భై మూడు... ఆవిడ బరువు తగ్గిన ప్రతి వారం పక్కన 'శభాష్' అని రాసుంది. ప్రతి వరస చివరా ఒకే మాట: 'చెప్పాలి.' ఆవిడ మెట్ల మీద కూలబడిన వారం ఆ మాట కింద రెండు గీతలున్నాయి.

ఆవిడ చాలాసేపు చదివింది. వేలితో ఒక్కో శభాష్ నీ తడుముకుంటూ చదివింది.

"ఇవన్నీ మనసులో అన్నారా నన్ను?"

"ప్రతి ఆదివారం."

"ఇంకెప్పుడూ మనసులో అనకండి. నాకు వినపడదు." ముక్కు చీది, అలమరాలోంచి పెన్సిలు తీసింది. "ఎక్కండి."

ఆయన చెప్పులు విడిచి పలక ఎక్కాడు. అరవై మూడున్నర దగ్గర గుండు పెట్టమని ఆయనే చెప్పాడు. పోయిన వారం లెక్క అదే కదా. ఆవిడ పెట్టింది. కమ్మి నిలవలేదు.

అరవై మూడుకి జరిపింది. నిలవలేదు.

"గాలి తగులుతోందేమో" అన్నాడు ఆయన.

ఆవిడ వెళ్ళి వరండా తలుపు వేసి వచ్చింది. గుండును కొంచెం కొంచెంగా, నిద్రపోయే పిల్లల్ని జరిపినట్టు జరిపింది. అరవై రెండు దగ్గర కమ్మి నెమ్మదిగా లేచి, తూగి, నిలిచిపోయింది.

మూత మీద కొత్త వరసలో ఆ అంకె రాసింది. పక్కన తన అరవై తొమ్మిదిన్నర రాసింది. చివర, ఇన్నాళ్ళూ 'చెప్పాలి' అని ఉన్న చోట 'చెప్పారు' అని రాసింది. పెన్సిలు ఎత్తబోతుంటే మూల మీద చూపు పడింది. అక్కడ ఇంకెవరివో మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. డెబ్భై. అరవై ఆరు. అరవై రెండు. ఆ కింద చెక్క ఖాళీగా ఉంది.

అవి ఎవరివో అడగలేదు. పలక మీద నిలబడ్డ మనిషి మొహం చూస్తే తెలిసిపోయింది.

బొటనవేలు నోట్లో తడుపుకుని, ఆ మూడు అంకెలనూ గట్టిగా రుద్ది చెరిపేసింది. చెక్క మీద నల్లటి మరక మిగిలింది. "ఇది మనిద్దరి లెక్క. ఇందులో మూడోవాళ్ళ పనేంటి?" అంది.

తర్వాత వచ్చే ఆదివారం తేదీ వేసింది. దాని పక్కన ఆయన అంకెకీ తన అంకెకీ చోటు వదిలింది.

"ఏమేవ్!" అని మెట్ల వైపు తిరిగి చెల్లెల్ని కేకేసింది. "చిక్కుడు పాదుకి మిగిలిన సబ్బునీళ్ళు నువ్వు చల్లు. మేం డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. ఆదివారమైనా ఒంటిగంట దాకా ఉంటాడు."

కింద కుట్టుమిషను చప్పుడు ఠక్కున ఆగింది.

"ఇప్పుడే వెళ్ళాలా?" అన్నాడు మేస్త్రి, ఇంకా పలక మీంచి దిగకుండానే. "రేపు పొద్దున..."

"చెప్పులేసుకోండి."

పెట్టె మూత బందులు విప్పి, డాక్టరుకి చూపించడానికి ఆ చెక్కను చంకలో పెట్టుకుంది. రెండో చేయి ఆయనకి అందించింది. ఆయన ఆ చేయి పట్టుకున్నాడు గానీ, కాలు మాత్రం పలక మీంచి కదలలేదు.